లక్షన్నర అమ్మకం, తొమ్మిది వేల లోటు: కర్నూలులో ఒక గానుగ తొలి ఏడాది

కర్నూలులో చిన్న వ్యాపారాల లెక్కలు, రిటర్నులు చూడటం నా వృత్తి. ఇక్కడ రాస్తున్నది కట్టె గానుగ నూనె యూనిట్ పెట్టుకున్న ఒక భార్యాభర్తల తొలి రోజుల సంగతి. వాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, వీధి చెప్పను. అంకెలు వాళ్ల పుస్తకాల్లోవే, చదవడానికి వీలుగా కాస్త రౌండ్ చేశాను.

ఆయన చాలా ఏళ్లు ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర సేల్స్ చూశాడు. ఆవిడ ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్లు చెప్పేది. 2022 దసరాకు గానుగ మొదలుపెట్టారు. నా దగ్గరకు వచ్చింది మరుసటి ఫిబ్రవరిలో, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేయాలా వద్దా అని అడగడానికి. అది పెద్ద విషయం కాదు, వెంటనే తేలిపోయింది. లేచి వెళ్తూ ఆయన అన్న మాటతో అసలు పని మొదలైంది. "సరుకు బాగానే పోతాందన్నా. దుడ్లే నిలవడం లేదు."

మొదటి ఏడాది వ్యాపారం చేస్తున్న వాళ్లలో చాలామంది నోట నేను వినే మాటే ఇది. అమ్మకం లేకపోతే కారణం కనిపిస్తుంది. అమ్మకం ఉండి డబ్బు లేకపోతే ఎక్కడ వెతకాలో తెలియదు. ఇంట్లో ఒకరి మీద ఒకరికి అనుమానం కూడా వస్తుంది. ఈ ఇంట్లోనూ వచ్చింది. ఖర్చు ఎక్కువ చేస్తున్నావని ఆయన, అప్పులిచ్చి వసూలు చేయడం లేదని ఆవిడ. ఇద్దరూ పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా కష్టపడుతున్నవాళ్లే.

పెట్టుబడి ఎటు పోయింది

2022లో గానుగ ఆలోచన రావడంలో వింత లేదు. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై పొద్దుతిరుగుడు నూనె రాక దెబ్బతింది. ఏప్రిల్ 28న ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులు ఆపింది. మే 23న మళ్లీ వదిలింది గానీ ఈలోపు ఇక్కడ ప్యాకెట్ నూనె రెండు వందలకు చేరువైంది. ప్యాకెట్‌కే అంత పెట్టాల్సి వచ్చినప్పుడు, ఇంకో వంద వేసి గానుగ నూనె తెచ్చుకుందాం అనుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. వీళ్లు ఆ గిరాకీని చూసే దిగారు. అయితే ప్యాకెట్ ధర తగ్గినప్పుడు ఏమవుతుందనేది అప్పటికి ఆలోచించలేదు.

చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోన్లలో కిశోర్ అనే రకం కింద 5 లక్షల లోన్, చేతిలో ఉన్నవి 2 లక్షలు. మొత్తం 7. కోయంబత్తూరు వైపు నుంచి తెప్పించిన గానుగకు, దాని 3 హెచ్‌పీ మోటారుకు 2 లక్షల 20 వేలు. షాపు అడ్వాన్స్, గ్లాసు కౌంటర్, ర్యాకులు, లైట్ల బోర్డు కలిపి లక్షా 60 వేలు. స్టీలు డ్రమ్ములు, కాటా, సీలింగ్ మిషన్‌కు 80 వేలు. బాటిళ్లు ఒకేసారి ఎక్కువ తీసుకుంటే చవకన్నారని చాలా నెలలకు సరిపడా తెచ్చారు, లేబుళ్లతో కలిపి 60 వేలు. కరెంటు కనెక్షన్, డిపాజిట్ 30 వేలు. వేరుశనగ గింజలు కొనడానికి మిగిలింది లక్షన్నర.

నూనె యూనిట్‌కు ప్రాణం గింజలు. వీళ్ల గానుగ ఆడే లెక్కకు నెలకు సుమారు 1,280 కిలోల గింజలు కావాలి. అంటే ఆ లక్షన్నర సరిగ్గా ఒక నెల సరుకు. రెండో నెల గింజలు మొదటి నెల నూనె డబ్బుతోనే రావాలి. ఆ డబ్బులో ఒక్క రూపాయి ఎక్కడైనా ఆగితే గానుగ ఆగుతుంది. గ్లాసు కౌంటర్ ఆరు నెలలు ఆగొచ్చు, గింజలు ఆగలేవు. కొత్తగా పెట్టేవాళ్లు షాపు అందంగా ఉంటేనే జనం వస్తారంటారు. గానుగ విషయంలో నేను దానికి ఒప్పుకోను. జనం వచ్చేది రోకలి తిరగడం కళ్లారా చూడటానికి.

చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షల వరకు వస్తుందని వీళ్లకు ఎవరో చెప్పారు. నిజమే. కానీ ఆ సబ్సిడీ చేతికి రాదు. లోన్ ఇచ్చిన బ్యాంకులో ఉండి, మూడేళ్లు సక్రమంగా కడితే లోన్‌లో సర్దుబాటవుతుంది. దాన్ని నమ్ముకుని గింజలు కొందామనుకుంటే కుదరదు. వీళ్లు దానికోసం ఆగకపోవడం ఒక రకంగా మంచిదే అయింది.

ఒక వాయికి ఎంత మిగులుతోంది

వీళ్ల దగ్గర ఉన్నది అమ్మకాల పుస్తకం, ఖర్చుల పుస్తకం. రెండూ శుభ్రంగా రాశారు. అయినా వాటితో ఏమీ తెలియదు. ఒక నెల బాటిళ్లు కొన్నారు, ఇంకో నెల కొనలేదు. ఒక నెల చివర డ్రమ్ములో 60 కిలోల నూనె తేరుకుంటూ ఉంది, ఇంకో నెల డ్రమ్ము ఖాళీ. చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) డబ్బులు ఒకసారి వచ్చాయి, రెండుసార్లు రాలేదు. ఇలాంటప్పుడు నెలాఖరున గల్లాపెట్టె చూసి లాభనష్టాలు చెప్పడం ఎవరి వల్లా కాదు. కొత్త వ్యాపారానికి నెల లెక్క కంటే ముందు కావాల్సింది ఒక్క దఫా పని లెక్క. టైలర్‌కు అది ఒక జాకెట్టు, కర్రీ పాయింట్‌కు ఒక పూట, గానుగకు ఒక వాయి, అంటే ఒకసారి గింజలు వేసి ఆడించడం. అది తేలితే మిగతావన్నీ వాటంతట అవే తేలతాయి. నేను ఈ కేసు రాయడానికి కారణం ఇదొక్కటే.

ఒక వాయికి 16 కిలోల గింజలు వేస్తారు. మట్టి, పుచ్చు ఏరేశాక కిలో 118 రూపాయలు పడింది. అంటే గింజల ఖర్చు 1,888. మడ్డి దిగి తేరుకున్నాక చేతికొచ్చే నూనె సగటున 6.4 కిలోలు, అంటే 40 శాతం. చెక్క 9 కిలోలు. దాన్ని ఒక పాల డెయిరీ ఆయనకు కిలో 36కు వేస్తున్నారు, 324 రూపాయలు. ఆ చెక్క డబ్బు తీసేస్తే గింజల నికర ఖర్చు 1,564.

కరెంటు 20. సహాయకుడికి నెలకు 9,600, నెలకు 80 వాయిలు ఆడుతున్నారు కాబట్టి ఒక వాయికి 120. బాటిళ్లు, మూతలు, లేబుళ్లు 95. అద్దె 8,000, వాయికి 100. లోన్ వడ్డీ మొదటి నెలల్లో 4,500 దాకా ఉంది, వాయికి 56. మొత్తం 1,955 రూపాయలు.

నూనె కిలో 300 చొప్పున 6.4 కిలోలు అమ్మితే వచ్చేది 1,920.

ఒక వాయికి 35 రూపాయలు పోతున్నాయి. 80 వాయిలకు 2,800. దానిపైన ఈఎంఐలో అసలు భాగం నెలకు 6,300. రెండూ కలిపితే నెలకు తొమ్మిది వేల పైచిలుకు లోటు. ఇందులో భార్యాభర్తల కష్టానికి ఒక్క రూపాయి కూడా వేయలేదు. నెలకు లక్షా 53 వేల అమ్మకం చేస్తూ, ఇంట్లో గాజులు బ్యాంకులో పెట్టి ఆ లోటు పూడ్చుకుంటూ వచ్చారు.

ఈ లెక్క చూసి ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇన్నాళ్లూ మేము పని చేసింది ఊరికేనాన్నా" అంది. ఊరికే కాదు. పోయేది ఎక్కడో తెలిసింది కాబట్టి ఆపొచ్చు. 35 రూపాయలు చిన్న మొత్తం, ధరలో, చెక్కలో, గింజలో ఎక్కడ చేయి పెట్టినా తిరగబడే మొత్తం.

కిలో, లీటరు

మొదట దొరికింది ధరలోనే. మొదలుపెట్టేటప్పుడు వీళ్లు హైదరాబాద్, అనంతపురంలో రేట్లు వాకబు చేశారు. "మూడు వందలు" అని చెప్పారు. అది లీటరు రేటు. మన దగ్గర జనం నూనెను కిలో లెక్కన అడగడం అలవాటు కాబట్టి వీళ్లు కాటా మీద కిలో తూచి మూడు వందలకు ఇస్తున్నారు. వేరుశనగ నూనె లీటరు సుమారు 910 గ్రాములే ఉంటుంది. 6.4 కిలోలంటే ఏడు లీటర్లకు కాస్త పైన. అంటే ప్రతి వాయికీ సుమారు 190 రూపాయల నూనె అదనంగా వెళ్లిపోతోంది, 80 వాయిలకు నెలకు 15 వేలు.

ప్యాకింగ్ నూనెలో ఈ కిలో, లీటరు గందరగోళం దేశమంతా ఉన్నదే. అందుకే 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఉష్ణోగ్రత పేరు చెప్పి లీటరు బరువును అటూ ఇటూ చూపకుండా, పరిమాణంతో పాటు సరైన బరువూ ముద్రించమని నూనె కంపెనీలకు చెప్పింది. గానుగ పెట్టేవాళ్లు దీన్ని తమ మేలు కోసం కూడా పాటించాలి. బాటిల్ మీద 1 లీటరు, 910 గ్రాములు అని రెండూ ఉంటే కొనేవాళ్లకీ అనుమానం ఉండదు, పక్క షాపుతో పోల్చేటప్పుడు తేడా రాదు.

బాటిల్‌ను లీటరుకు మార్చి, ధర 320 చేయమన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. సేల్స్‌లో పెరిగిన మనిషికి అమ్మకం తగ్గడం కంటే భయం ఇంకోటి ఉండదు. పైగా అప్పటికే ప్యాకెట్ నూనె ధర దిగుతోంది, వేసవి వచ్చేసరికి తేడా మరీ పెరిగింది. ఆయన భయం న్యాయమైనదే. కానీ అమ్మిన కొద్దీ పోతున్న దాన్ని ఎక్కువ అమ్మి ఏం లాభం?

మార్చారు. అమ్మకం తగ్గింది కూడా. నెలకు 80 వాయిలు 65కు పడ్డాయి. ఇప్పుడు లెక్క చూడండి. ఒక వాయికి నూనె మీద 2,240, చెక్క మీద 378 (చెక్క ధర కూడా 42 చేశారు, ఆ సంగతి కింద చెప్తాను). గింజలు, కరెంటు, బాటిళ్లు పోగా 615 మిగులుతుంది. 65 వాయిలకు దాదాపు 40,000. అందులోంచి అద్దె, సహాయకుడి జీతం, వడ్డీ కలిపి 22,100 తీసేస్తే 17,900. ఇంతకు ముందు 80 వాయిలకు ఇదే లెక్కన వచ్చింది మైనస్ 2,800. పని తగ్గింది, సాయంత్రం ఏడింటికి షట్టర్ వేస్తున్నారు, చేతిలో డబ్బు కనిపిస్తోంది.

నాలుగు రూపాయలు చవక గింజలు

ఒక్కో వాయికీ లెక్క రాసే పుస్తకం ఒకటి పెట్టించాను, అది ఆవిడ రాస్తుంది. తేదీ, గింజలు ఎవరి దగ్గర కొన్నది, రకం, గానుగలో వేసిన తూకం, ఆ రోజు నూనె, మూడో రోజు తేరుకున్న నూనె, చెక్క. ఒక్క వరుస. రెండు నెలల పుస్తకం చూసేసరికి నేను చెప్పాల్సిన అవసరం లేకుండా ఆవిడే ఒక విషయం పట్టుకుంది. ఒక వ్యాపారి దగ్గర కొన్న గింజలకు 38 శాతానికి మించి నూనె రావడం లేదు.

ఆ గింజలు కిలోకు నాలుగు రూపాయలు చవక. వాయికి 64 రూపాయల ఆదా. కానీ నూనె రెండు శాతం తగ్గితే 320 గ్రాములు, అంటే లీటరులో మూడో వంతు, 112 రూపాయలు. చెక్క కాస్త పెరుగుతుంది, దాని మీద 13 వస్తుంది. అంతా చూసుకుంటే చవక గింజల వల్ల వాయికి 35 రూపాయల నష్టం. సరిగ్గా మొదట మనకు కనిపించిన లోటంత. ఇది ఒక్కో గింజను చూసి చెప్పగలిగేది కాదు. పుస్తకంలోనే దొరుకుతుంది.

తేమ ఇంకో సంగతి. పచ్చిగా ఉన్న గింజలు తూకం ఎక్కువ వస్తాయి. మనం నీళ్లకు డబ్బు కడతాం. ఎండబెట్టాక మళ్లీ తూచి, ఆ తూకం మీద కిలో ధర వేసుకోవాలి. దీనికంటే పెద్ద విషయం బూజు. తేమ ఉన్న వేరుశనగలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. రిఫైనింగ్‌లో అది చాలావరకు పోతుంది. గానుగ నూనెలో పోయే దారి లేదు. మనం వడపోసి ఊరుకుంటాం, అంతే. చెక్క తిన్న పశువుల పాలలోకి కూడా ఆ విషం మరో రూపంలో దిగుతుంది. "ఏ కెమికల్స్ లేని నూనె" అని నమ్మి పిల్లలకు పెట్టే తల్లి మన దగ్గర కొంటోంది. కాబట్టి ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరే పనికి ఒక మనిషిని పెట్టడం ఖర్చు కింద చూడకూడదు. వీళ్లు ఇప్పుడు ఏరడానికి మధ్యాహ్నాలు ఇద్దరు ఆడవాళ్లను పిలుస్తున్నారు. ఆ కూలి ముందు చెప్పిన 118లోనే ఉంది.

గింజలుగా కాకుండా కాయలుగా కొని నిల్వ చేసుకోవడం ఇంకో మార్పు. పొట్టుతో ఉంటే పురుగు, చిక్కు వాసన తొందరగా రావు. కాయలో గింజ దాదాపు 70 శాతం వస్తుంది. ఖరీఫ్ పంట అక్టోబర్, నవంబర్‌లలో ఆదోని, ఎమ్మిగనూరు మార్కెట్లకు వచ్చే రోజుల్లో కొంటే ధర కలిసొస్తుంది. కానీ దానికి డబ్బు ఉండాలి. తొలి ఏడాది అది లేదు. 2023 ఖరీఫ్‌లో నెలన్నర సరుకు కొనగలిగారు, అంతకు మించి అప్పు తెచ్చి కొనవద్దని గట్టిగా చెప్పాను. ధర పెరుగుతుందని సరుకు పోసుకుని కూర్చోవడం గానుగ వ్యాపారం కాదు, అది వేరే వ్యాపారం.

కరెంటు గురించి ఒక మాట. షాపు ముందు అమ్మకం, వెనక గానుగ, మీటరు ఒకటే, బిల్లు కమర్షియల్ కేటగిరీలో. గానుగకు వేరే కనెక్షన్ పెట్టించి పరిశ్రమ కేటగిరీలోకి మారితే యూనిట్ రేటు తగ్గుతుందని ఆయన ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. వాయికి కరెంటు మొత్తమే 20 రూపాయలు. అందులో ఐదారు రూపాయలు మిగల్చడానికి అన్ని రోజులు తిరగడం కంటే గింజల మార్కెట్లో తిరగడం మేలని పుస్తకం చూపించి ఆపాను. రెండేళ్ల తర్వాత ఎలాగూ చేసుకోవచ్చు.

అరువు

చెక్క డెయిరీ ఆయనకు నెలల తరబడి అరువు పోతోంది. నెలకు 26 వేల చెక్క. ఆయన రెండు నెలలు ఆపితే 52 వేలు. గింజలకు ఉన్నదే లక్షన్నర అని గుర్తుంచుకోండి. మూడో వంతు పెట్టుబడి ఒకే మనిషి దగ్గర ఆగిపోయింది, అదీ అందరూ "ఉప ఉత్పత్తే కదా" అని చూసే చెక్క రూపంలో. నలుగురైదుగురు పాడి రైతులకు బస్తా బస్తాగా, చేతిలో డబ్బు పడ్డాకే ఇవ్వడం మొదలుపెట్టారు. ధర కూడా 42 పలికింది, ఎందుకంటే నూనె పూర్తిగా పిండేసిన మిల్లు చెక్క కంటే గానుగ చెక్కలో నూనె ఎక్కువ మిగిలి ఉంటుంది. ఆ సంగతి పశువులున్న వాళ్లకు తెలుసు.

నూనె అరువు కూడా ఉంది. ఒక సూపర్ మార్కెట్, రెండు ఆర్గానిక్ షాపులు. "అమ్ముడుపోయాక ఇస్తాం" అన్న ఒప్పందం. చట్టం వీళ్ల వైపే ఉంది. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, చక్రవడ్డీగా. అప్పట్లో కేంద్ర ప్రభుత్వ సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసే వీలుండేది. అయితే దీనికి ఉద్యమ్ అనే చిన్న యూనిట్ల ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. అందులో యూనిట్ తయారీ కింద నమోదై ఉండాలి, ట్రేడింగ్ కింద కాదు. వీళ్ల ఉద్యమ్‌లో ఎవరో నెట్ సెంటర్‌లో "నూనెల వ్యాపారం" అని రిటైల్ కింద పెట్టేశారు. అది మార్పించాం. ఉద్యమ్ ఉచితం, మార్పు కూడా ఉచితం. దానికి వీళ్ల దగ్గర అప్పట్లో డబ్బు తీసుకున్నారు.

చట్టం ఉన్నంత మాత్రాన తొలి ఏడాది చిన్న యూనిట్ కేసు వేయదు, వేస్తే ఆ షాపులో ర్యాకు పోతుంది. అందుకని అరువుకు హద్దు పెట్టాం. ఏ షాపులోనైనా ఒక వాయి నూనెకు మించి బాకీ ఉండకూడదు. పాతది కడితేనే కొత్తది. ఒక ఆర్గానిక్ షాపు దీనికి ఒప్పుకోలేదు, వదిలేశారు. సూపర్ మార్కెట్ మాత్రం 2024 మార్చిలో తానే ఫోన్ చేసి పాత బాకీ అంతా కట్టింది. ఆ ఆర్థిక సంవత్సరం నుంచి ఇన్‌కమ్ టాక్స్ చట్టంలో 43బి(హెచ్) అనే సెక్షన్ అమల్లోకి వచ్చింది. తయారీ చేసే సూక్ష్మ, చిన్న యూనిట్లకు గడువులోగా కట్టకపోతే ఆ కొనుగోలు ఖర్చును కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి. ఉద్యమ్‌లో ఆ ఒక్క గడి సరిచేయడం వల్ల వచ్చిన డబ్బది.

కూలికి ఆడటం

ఇది ఆవిడ ఆలోచన. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, టౌన్లో ఉంటూ పల్లెలో పొలం ఉన్నవాళ్ల నుంచి, సొంత గింజలు తెచ్చుకుని ఆడించుకుంటామని అడిగేవాళ్లు రోజూ వస్తున్నారు. ఆయన వాళ్లను తిప్పి పంపేవాడు, నూనె కొనే గిరాకీ పోతుందని. ధర పెంచి వాయిలు తగ్గాక గానుగ ఖాళీగా ఉంటోంది కదా, ఆడిద్దాం అందావిడ.

కిలోకు 14 రూపాయలు కూలి. 16 కిలోల వాయికి 224. నూనె, చెక్క రెండూ వాళ్లవే. బాటిల్ లేదు, అరువు లేదు, గింజల పెట్టుబడి లేదు. కరెంటు పోగా 200 చేతికి. సొంత వాయిలో మిగిలే 615తో పోలిస్తే తక్కువే. కానీ ఆ 615 కోసం 1,888 రూపాయలు ముందు పెట్టి, నూనె తేరుకుని అమ్ముడుపోయేదాకా కాచుకోవాలి. పెట్టుబడి లేని తొలి రోజుల్లో ఈ 200 దానికంటే విలువైనదని నా లెక్క. నెలకు 35 వాయిల దాకా కూలికి వచ్చాయి, 7,000 రూపాయలు. ఈఎంఐలో అసలు భాగం దీంతోనే పోతోంది.

కూలికి వచ్చినవాళ్లు నూనె కొనడం మానలేదు. వేరుశనగ తెచ్చినవాళ్లు నువ్వుల నూనె కొన్నారు. 2023 కార్తీక మాసంలో దీపాలకు నువ్వుల నూనె అడిగిన వాళ్లకు ఇవ్వలేకపోయేంత గిరాకీ వచ్చింది. నువ్వులు ఆడేటప్పుడు బెల్లం వేయాలి, నీళ్లు చిలకరించాలి, వేరుశనగ ఆడినంత సులువు కాదు. నువ్వుల వాయికి పుస్తకంలో వేరే పేజీ పెట్టించాను. రెండూ ఒకే లెక్కలో కలిస్తే ఏది తిండి పెడుతోందో తెలియదు.

కాగితాలు, హైదరాబాద్ ఆర్డర్లు

లైసెన్సుల గురించి అందరూ మొదట అడుగుతారు. నిజానికి ఈ కేసులో అవి తేలికగా తేలాయి. ఏడాది అమ్మకం 12 లక్షల లోపయితే ఏడాదికి 100 రూపాయల ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చాలన్నది అప్పటి నియమం. వీళ్లు అది తీసుకున్నారు గానీ నెలకు లక్షన్నర అమ్ముతున్నారు కాబట్టి రాష్ట్ర లైసెన్సుకు మారాల్సి వచ్చింది. తూనికలు కొలతల శాఖలో ప్యాకర్‌గా నమోదు, మొదలుపెట్టిన 90 రోజుల్లో చేయాల్సింది, ఆలస్యంగా చేశాం. లేబుల్ మీద "కొలెస్ట్రాల్ లేనిది, గుండె జబ్బులు రావు" అని ప్రింటర్ తనంతట తానే వేశాడు. ఏ గింజ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. జబ్బు రాదని లేబుల్ మీద రాయడానికి వీల్లేదు. ఆ లేబుళ్లు పక్కన పడేయించాను. క్యాన్ తెచ్చి లూజుగా పోయమనేవాళ్లకు కూడా వద్దని చెప్పించాను, వంటనూనె ప్యాక్ చేసే అమ్మాలన్నది నియమం.

అసలు చిక్కు జీఎస్టీలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల అమ్మకం వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వీళ్లది దాని దరిదాపుల్లో లేదు. అయితే కర్నూలు నుంచి తుంగభద్ర దాటితే తెలంగాణ. బంధువులు, స్నేహితులు హైదరాబాద్‌లో ఉన్నారు, వాళ్ల అపార్ట్‌మెంట్లలో పది ఇళ్లు ఆర్డర్లు పెడుతున్నాయి. ఆర్టీసీ కార్గోలో నూనె వెళ్తోంది. పన్ను ఉన్న సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 40 లక్షల మినహాయింపు వర్తించదు. అమ్మకం మీద ఒక శాతం కట్టే కాంపొజిషన్ పద్ధతి కూడా రాష్ట్రం దాటి అమ్మేవాళ్లకు లేదు. రెగ్యులర్ అనే మామూలు పద్ధతిలోకి వెళ్తే నూనె మీద 5 శాతం పన్ను, రిటర్నులు. గింజలు రైతు దగ్గర కొంటే, కట్టిన పన్ను వెనక్కి తీసుకోవడానికి బాటిళ్లు తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

హైదరాబాద్ ఆర్డర్లు నెలకు 40 లీటర్ల లోపే. ఆ కొంచెం కోసం మొత్తం అమ్మకం మీద వాయికి వంద రూపాయలకు పైగా పన్ను మోయాలి. ఆపేయమన్నాను. ఇది ఆయనకు చాలా కష్టమైంది. హైదరాబాద్‌లో తన నూనె దొరుకుతోందని చెప్పుకోవడం ఆయనకు గర్వం. ఆ గర్వాన్ని నేను తక్కువ చేయను. నెలకు 300 లీటర్లు ఖాయంగా వెళ్లే రోజు వస్తే, ధర దానికి తగ్గట్టు కట్టి అప్పుడు రిజిస్ట్రేషన్ తీసుకుందామని చెప్పాను.

2024 మార్చి నాటికి

సొంత వాయిలు నెలకు 70 దగ్గర నిలబడ్డాయి. కూలి వాయిలు 35. లోన్ అసలు కట్టాక ఇద్దరికీ కలిపి నెలకు 20 వేల పైన మిగులుతోంది. ఆయన పాత జీతం ఇంచుమించు అంతే, అదీ ఒక్కడి జీతం. కాబట్టి ఇది గొప్ప విజయమని నేను చెప్పను. అయితే గాజులు విడిపించుకున్నారు, బాకీలు లేవు, గింజల డబ్బు లక్షన్నర నుంచి రెండు లక్షల 30 వేలైంది.

ఇప్పుడు ఆయన రెండో గానుగ అడుగుతున్నాడు. కార్తీకంలో నువ్వుల నూనె ఇవ్వలేకపోయామన్నది కారణం. నా జవాబు పుస్తకంలోనే ఉంది. ఉన్న గానుగ రోజుకు ఆరు వాయిలు ఆడగలదు, ఆడుతున్నది నాలుగు. ఆరూ నిండిన నెలలు వరసగా మూడు కనిపిస్తే, రెండో గానుగ లోన్‌కు కావాల్సిన ప్రాజెక్టు రిపోర్టు ఫీజు లేకుండా నేనే రాసిస్తానని చెప్పాను. ఈలోపు కావాల్సింది కాయలు నిల్వ చేసుకోవడానికి తేమ తగలని ఒక గది. అది వెతుకుతున్నారు.